ఊరుమ్మడి రాయి మీద నిమ్మకాయ

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో ఎండాకాలం సెలవులంటే ఆడపిల్లలకు రెండే దారులు. అమ్మమ్మగారి ఊరు పోయి మామిడికాయ ముక్కలు తుడుస్తూ కూర్చోవడం, లేదంటే ఇంట్లోనే ఉండి "ఎండన పడి నల్లబడతావే" అనిపించుకోవడం. ఆ రోజుల్లో అన్నానని ఏ లాంతర్ల కాలమో అనుకునేరు! అందరి చేతుల్లో ఫోన్లూ, ఫోన్లలో వాట్సాపూ ఉన్న కాలమే. (ఆ వాట్సాపే నా కొంప ముంచబోయింది, చెప్తాను.) ఇప్పుడు నేను దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో తెల్లకోటు తొడుక్కుని రోజూ సున్నపురాయికి పరీక్షలు పెడుతుంటాను. కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, మీకు కెమిస్ట్రీ మీద ఇష్టం ఎలా కలిగింది?" అని అడుగుతారు. "చిన్నప్పటి నుంచీ ఉంది" అని గంభీరంగా చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే ఆ తర్వాత ల్యాబులో నా మాట ఎవరూ వినరు. మీరైతే మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను, నవ్వుకున్నా ఫరవాలేదు.

మాది బజార్లో కిరాణా కొట్టు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఇంటర్లో నన్ను సీఈసీలో చేర్పించాలని నాన్న ఎప్పుడో తీర్మానించేశాడు. నాకేమో సైన్సు గ్రూపు మీద మనసు. ఆ మాట ఎత్తితే చాలు, "సైన్సు చదివి కొట్లో ఏం జేస్తావే? చింతపండుకు ఆపరేషన్ జేస్తావా?" అనేవాడు. కొట్టుకు వచ్చిన బేరగాళ్ళందరూ నవ్వేవాళ్ళు, నేను అలిగి లోపలికి పోయేదాన్ని. అలాంటి సమయంలో మా బళ్ళో టీచరుగారు, గురజాలలో జరిగే వేసవి సైన్స్ శిబిరానికి నా పేరు పంపించింది. పెద్దవాళ్ళ ప్రసంగాలు, మధ్యమధ్య ఫీల్డ్ విజిట్లు, హాస్టల్లోనే మకాం. ఫీల్డ్ విజిట్ అనే మాట వినగానే మా అమ్మ కంగారుపడిపోయింది. "ఎండల్లో పిల్లల్ని చేలోకి తోలతారా ఏంది? మిరపకోతలు కూడా అయిపోయినయ్ గందా!" అంటూ తలకు చుట్టుకోవడానికి పాత తుండుగుడ్డ ఒకటి నా సంచిలో పెట్టింది. నాన్న మాత్రం చానాసేపు ఆలోచించి షరతు పెట్టాడు. "సరే, పో. నీ గురించి ఒక్క రచ్చ నా చెవిన పడిందా, నోరెత్తకుండా సీఈసీలో చేరాల. ఏ గొడవా లేకుండా తిరిగొస్తే అప్పుడు సైన్సు సంగతి చూద్దాం." గొడవ అనే పదానికీ నాకూ అప్పటికి చుట్టరికం లేదు కాబట్టి, సైన్సు గ్రూపు నా కొంగున పడ్డట్టే అనుకుని బస్సెక్కాను.

శిబిరం నడిపే మాస్టారికి మేము పెట్టుకున్న పేరు 'ఎందుకు సారు'. ఆయన్ను ఏదడిగినా "ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. "సార్, ఆకలేస్తోంది" అన్నా అంతే, "ఎందుకు?" అనేవాడు. మనం జీర్ణరసాల గురించి చెప్పి వంటశాలకు పోయేసరికి పప్పు అయిపోయేది. ప్రసంగాలైతే ఒకదాన్ని మించి ఒకటి. నక్షత్రాల మీద ఒకాయన చెప్పాడు, తేనెటీగల మీద ఒకావిడ చెప్పింది. నిద్ర ఎందుకు వస్తుందనే విషయం మీద ఒక డాక్టరుగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక, గురజాల ఎండలో, రేకుల షెడ్డు కింద మాట్లాడారు. ఆయన చెప్పిందంతా అక్షరాలా నిజమని మేమందరం కళ్ళు మూసుకుని నిరూపించాం. నా జట్టులో పిల్లది మాచర్ల నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న బైకుల మెకానిక్కు. దాని సంచిలో పుస్తకాల కంటే పనిముట్లు ఎక్కువ ఉండేవి కాబట్టి దాన్ని 'స్పానర్' అనేవాళ్ళం. విప్పి చూడనిదే ఏ వస్తువునూ నమ్మేది కాదు. హాస్టల్లో ఫ్యాను తిరగకపోతే వార్డెను కంటే ముందు దాన్నే పిలిచేవాళ్ళు.

ఒకరోజు ఎందుకు సారు రాళ్ళ గురించి చెప్పాడు. మన పల్నాడు నేలంతా సున్నపురాయే అనీ, ఏ రాయైనా సున్నపురాయి అవునో కాదో తెలుసుకోవాలంటే దాన్ని కాస్త గీకి, పొడి రాలిన చోట పులుపు వేసి చూడాలనీ, బుడగలు పొంగితే అది సున్నపురాయేననీ చెప్పాడు. అసలు యాసిడ్ సీసా ఆయన దగ్గరే దాచుకుని మాకు తలా ఒక నిమ్మకాయ ఇచ్చాడు. (మా కొట్లో నిమ్మకాయలు అమ్ముతాం కదా, ఇది కాస్త వడిలిన కాయ సార్ అని చెప్పబోయి ఆగిపోయాను. మళ్ళీ ఎందుకు అంటాడు.) శిబిరం ఆఖరి రోజున దాచేపల్లి అవతల క్వారీల పక్కన ఉన్న ఒక ఊరికి మమ్మల్ని తీసుకుపోయి ఆయన ఇలా హెచ్చరించాడు: "ఎవరింటి అరుగులూ, గడపలూ ముట్టుకోబాకండి, తగాదాలొస్తయ్. ఏదైనా ఊరుమ్మడి రాయి చూసుకుని పరీక్ష జేయండి." ఆయన ఉద్దేశం క్వారీ దారిలో పడి ఉన్న రాళ్ళూ రప్పలూ. ఆ ముక్క కూడా కలిపి చెప్పి ఉంటే ఈ కథే లేదు.

నేనూ స్పానరూ ఊళ్ళోకి పోయాం. మూడు బజార్లు కలిసేచోట తెల్లగా సున్నం వేసిన దిమ్మె, దాని నడుమ మోకాలెత్తు రాయి ఒకటి కనిపించాయి. రాయి మీద పసుపేదో ఉండే ఉంటుంది గానీ, వానలు రావాలని రోజూ ఎవరో ఒకరు బిందెలతో నీళ్ళు పోస్తున్నారట, అంతా కడుక్కుపోయింది. పేటలో పుట్టి పేటలో పెరిగినదాన్ని, నాకు తెలిసినవి మా కొట్లో తూకం రాళ్ళు, మా ఇంట్లో రుబ్బురోలు. స్పానర్‌కు ఆ మాత్రం కూడా తెలియదు. ఎందుకైనా మంచిదని పక్క అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న ముసలావిడ్ని అడిగాను, "మామ్మా, ఈ రాయి ఎవరిది?" అని. "ఎవరిదేందమ్మా, ఊరందరిదీ!" అంది మామ్మ. ఊరందరిదీ అంటే ఊరుమ్మడిదే కదా! "దీని మీద నిమ్మకాయ పిండొచ్చా మామ్మా?" అని మర్యాదగా అనుమతి కూడా తీసుకున్నాను. మామ్మ ముఖం విప్పారింది. "పిండు తల్లీ, మంచిదేగా! ఈ కాలంలో కూడా ఇంత భక్తి ఉన్న పిల్లలున్నారా!" అంది. భక్తి అనే మాట దగ్గరైనా నాకు వెలగాలి. వెలగలేదు. సైన్సు మీద భక్తి కాబోలనుకున్నాను!

గీకాల్సిన పని కూడా లేకపోయింది. ఏళ్ళ తరబడి వేసిన సున్నం దిమ్మె అంచున పొరలు పొరలుగా లేచి పొడిపొడిగా ఉంది. స్పానర్ ఫోను పట్టుకుని వీడియో తీస్తుంటే నేను చున్నీ నడుముకు చుట్టుకుని కాయంతా పిండేశాను. సుయ్‌మంటూ తెల్లటి నురుగు లేచింది. సారు హాస్టల్ గోడల మీద వేసి చూపించినప్పుడు కూడా ఇంతగా రాలేదు. ఒళ్ళు తెలియని సంతోషంతో ఎగిరి గంతేసి, "పొంగింది! పొంగింది!" అని ఊరంతా వినబడేలా అరిచాను. మామ్మ చేతిలో చుట్ట కింద పడిపోయింది. ఒక్క ఉదుటున లేచి దిమ్మె దగ్గరికొచ్చి, ఆ నురుగు చూసి, "అమ్మ పొంగింది! బొడ్రాయి పొంగిందర్రోయ్!" అని నాకంటే పెద్ద గొంతుతో కేకేసింది. బొడ్రాయి! ఊరికి బొడ్డులాంటి రాయి, ఊరు కట్టేనాడు పాతి మొక్కుకునే రాయి! ఆ మాట విన్నాక గానీ నాకు వెలగలేదు. స్పానర్ నా చెవిలో, "అరె, ఉరుకుదామా?" అంది. ఎక్కడికి ఉరుకుతాం, అప్పటికే చుట్టూ జనం మూగారు.

తన్నులు తప్పవనుకున్నాను. తన్నులకు బదులు నులకమంచం వచ్చింది. దాని మీద దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టారు. ఒకామె కాళ్ళకు పసుపు రాసింది, ఒకామె చల్ల తెచ్చింది, ఇంకొకామె అప్పుడే దించిన గారెలు ఆకులో పెట్టింది. వాన చుక్క కోసం ఎదురుచూస్తున్న ఊళ్ళో బొడ్రాయి పొంగడమంటే సామాన్యమా! "పిల్ల చెయ్యి మంచిది", "కడుపు చల్లని తల్లి కన్నది" అని అందరూ అంటుంటే, నిజం చెబుతున్నాను, నాకు బాగానే ఉంది. ఇంట్లో కూర చెయ్యడం రాదని తిట్లు తినే పిల్లను ఒక ఊరు ఊరంతా అందలం ఎక్కించింది మరి! రెండో గారె తింటుండగా స్పానర్ ఫోను మోగింది (నాకు ఫోను లేదు, ఇంట్లో ఆ నంబరే ఇచ్చాను). తను తీసిన వీడియోను స్పానర్ మా శిబిరం గ్రూపులో పెడితే, ఆ గ్రూపు నుంచి అది ఎన్ని గ్రూపులు తిరిగిందో, నరసరావుపేట బజారు చేరిపోయింది. అవతల మా నాన్న. "ఏమే, ఆ వీడియోలో పచ్చ చున్నీ నువ్వేనా?" ఫోన్లోంచి కనబడతానన్నట్టు చున్నీ వెనక్కి దాచుకున్నాను. "నువ్వేనటే?" "నేనే నాన్నా." సీఈసీ పుస్తకాలు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. అప్పుడు నాన్న అందుకున్నాడు. "అమ్మాయ్, బజారంతా జూశారే! మీ అమ్మ ఫోనుకు హారతి ఇస్తంది. నువ్వు ఏం అడిగినా కాదననమ్మా. అక్కడే ఉండు, టెంకాయలేసుకుని వస్తన్నా!"

చూశారా నా గతి! నోరు మూసుకుని గారెలు తింటే సైన్సు గ్రూపు వస్తుంది. నోరు తెరిచి సైన్సు చెబితే సైన్సు గ్రూపు పోతుంది, పైగా ఊరి చేత తన్నులు. ఎందుకు సారు ఈ హడావిడి విని క్వారీ దగ్గర్నుంచి రొప్పుతూ వచ్చాడు. మంచం మీద పసుపు కాళ్ళతో ఉన్న నన్ను పైనించి కిందిదాకా చూసి, వంగి మెల్లగా, "ఎందుకు పొంగింది?" అన్నాడు. "సున్నం సార్. గాలి పీల్చుకుని మళ్ళీ రాయైపోయింది. నిమ్మరసం పడితే ఆ గాలి బయటికొచ్చింది" అని గొణిగాను. "నాకు తెలుసులే. తెలియనిది వీళ్ళకు" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. నాకు చానా కోపం వచ్చింది ఆ మనిషి మీద. మాస్టారై ఉండి తనే చెప్పొచ్చుగా! ఇంకో గారె అందుకున్నాను.

అట్లా రెండు గంటలు గారెలు వస్తూనే ఉన్నాయి. అంతలో ఒకామె చంటిపిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. "నీ చేత్తో వీడి నోట్లో రెండు చుక్కలు పిండు తల్లీ. జ్వరం తగ్గడంలా. దాచేపల్లి ఆస్పత్రికి పోదామని బయల్దేరా, ఇంక దేనికిలే, నువ్వొచ్చావుగా" అంది. నవ్వుతూ అంది. నా చేతిలో గారె అలాగే ఉండిపోయింది. "వద్దక్కా, ఆస్పత్రికే తీసకపో" అన్నాను. ఆమె వినలేదు. మళ్ళీ చెప్పాను. "పెద్ద మనసు, అందుకే అట్టా అంటంది" అన్నారు పక్కవాళ్ళు. ఇక లాభం లేదని పిల్లాణ్ణి ఆమె చేతుల్లో పెట్టి మంచం మీద లేచి నిలబడ్డాను. నులకమంచం కదా, ఒక పక్కకు ఒరిగింది. స్పానర్ గభాలున కాలు పట్టుకోకపోతే అమ్మవారి బిడ్డ బొడ్రాయి మీదే పడేది. సరిగ్గా అప్పుడే గుంపు వెనకాల మా నాన్న స్కూటరు దిగుతున్నాడు, ముందు టెంకాయల బస్తా, మెడలో కండువా. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కన్న తండ్రి!

ఆయన వైపు చూస్తే నోరు పెగలదని తెలిసి, చుట్ట మామ్మ వైపు చూస్తూ చెప్పాను. "మామ్మా, నేను భక్తితో పిండలేదు. రాయి పరీక్ష జేద్దామని పిండా. పొంగింది సున్నం. గోళీసోడా కొడితే బుస్సుమని గాలి లేస్తది జూడండి, ఇదీ ఆ గాలే. నా చేతిలో ఏం లేదు. పిల్లోణ్ణి ఆస్పత్రికి తీసకపొమ్మనండి." ఒక మీసాలాయన ముందుకొచ్చి, "అంటే మా అమ్మవారు ఉత్తదంటావా?" అని ఉరిమాడు. "అమ్మవారి సంగతి నాకు తెలియదు పెదనాయనా. సున్నం సంగతే తెలుసు. ఎవరింట్లో గోడైనా జూపించండి, సున్నం వేసిందైతే ఇట్టాగే పొంగుద్ది" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పొంగకపోతే ఏమిటనే ఆలోచన రాలేదు, అదీ మంచిదే అయింది.

చుట్ట మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నా గొడ్లచావిడి గోడ కూడా పొంగుద్దా?" అంది. "పొంగుద్ది మామ్మా." "పద, జూద్దాం." ఊరంతా కదిలింది. మీసాలాయన, సారు, టెంకాయల బస్తాతో మా నాన్న, అందరూ ఆ చావిట్లోకి తోసుకుంటూ దూరారు. మామ్మ నా చేత పిండనివ్వలేదు. స్పానర్ తన స్క్రూడ్రైవరుతో గోడను బరబరా గీకి, తన వంతు నిమ్మకాయ ఇస్తే, మామ్మే స్వయంగా పిండి, నురుగు కనబడేదాకా గోడకు ముక్కు ఆనించి చూసింది. పొంగింది! శుభ్రంగా, బుడబుడమని పొంగింది. బర్రె ఒకటి నెమరు ఆపి మా అందరి వైపూ చూసింది. వెనకనుంచి ఎవరో, "మామ్మా, నీ బర్రెక్కూడా టెంకాయ కొట్టాల్సిందే!" అన్నారు. అంతే, చావిడంతా నవ్వులే. మీసాలాయన కూడా మీసాల చాటున నవ్వేశాడు. మామ్మ మాత్రం నవ్వకుండా పిల్లాడి తల్లి వైపు తిరిగి, "ఏమే, నా చావిడి గోడ పొంగిందని పిల్లోణ్ణి ఈడ పడుకోబెడతావా? పోయే, ముందు ఆస్పత్రికి పో!" అని కసిరింది. మా సారే వాళ్ళిద్దర్నీ తన బండెక్కించుకుని పోయాడు. పిల్లాడికి తగ్గిపోయిందని తర్వాత ఫోను చేసి చెప్పారు. వీధిలోకొచ్చాక మామ్మ బొడ్రాయికి మళ్ళీ పసుపు రాస్తూ, "పొంగినా మా అమ్మే, పొంగకపోయినా మా అమ్మే" అంది నాతో. అదీ న్యాయంగానే తోచింది నాకు.

ఇంటికి నాన్న స్కూటరు మీదే వచ్చాను. టెంకాయలన్నీ శిబిరం పిల్లలకు కొట్టించి పెట్టాడు. పిడుగురాళ్ళలో బండి ఆపి రెండు సోడాలు చెప్పాడు. సోడా బుస్సుమని లేచినప్పుడు దానివంక కాసేపు చూసి, "ఇదేనా?" అన్నాడు. "ఇదే నాన్నా" అన్నాను. గడగడా తాగేసి బండి తీశాడు. ఇంటికెళ్ళాక బజారువాళ్ళు, "ఏమయ్యా, మీ అమ్మాయి మహిమ ఉత్తదేనంటగా?" అని ఎగతాళి చేస్తుంటే లోపల గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నాన్న ఏమన్నాడో వినబడలేదు.

ఫలితాలొచ్చాక నన్ను జూనియర్ కాలేజీకి తీసుకుపోయాడు. దారి పొడుగునా గ్రూపు ఊసెత్తలేదు. అడిగే ముఖం నాకూ లేదు. కిటికీ అవతల గుమాస్తా తలెత్తకుండా, "ఏ గ్రూపు?" అన్నాడు. సీఈసీ అనే మూడక్షరాల కోసం నేను కళ్ళు మూసుకున్నాను. నాన్న గొంతు సవరించుకున్నాడు, పేరు గుర్తు రాలేదు. "అదేనండీ... రాళ్ళు పొంగిస్తారే, ఆ గ్రూపు" అన్నాడు. గుమాస్తా తలెత్తాడు. వెనక వరసలో వాళ్ళందరూ ఇటు తిరిగారు. నాన్నకేమీ పట్టలేదు, నన్ను భుజం పట్టి ముందుకు లాగి ఇంకా గట్టిగా, "ఊరు ఊరంతా దణ్ణం పెడతంటే, నా చెయ్యి మంచిది గాదు, సున్నం మంచిదని చెప్పిందండీ మా పిల్ల! నేను టెంకాయలు మోసకపోయి మరీ జూశా. రాసుకోండి, ఆ గ్రూపే రాసుకోండి!" అన్నాడు. నాకు ఎంత సిగ్గేసిందంటే, అందరి ముందూ ఇట్లా అరుస్తాడేంటి ఈ నాన్న అనుకుంటూ ఆయన చొక్కా వెనక్కి పోయి దాక్కున్నాను. పిచ్చిమొద్దును! అంత గర్వంగా నన్ను ముందుకు లాగిన మనిషి వెనక దాక్కోవడమేమిటి? ఇప్పుడైతే ఆయన పక్కనే నిలబడి, వరసలో ఉన్న వాళ్ళందరికీ వినబడేలా, ఇంకోసారి చెప్పు నాన్నా అని అడుగుతాను.